ఎర్రబడ్డ ముచ్చెలు

నాకు కోపం ఎక్కువ. చిన్నప్పుడు మా అమ్మ అంటూండేది, పెళ్ళయ్యాక మా ఆవిడ అందుకుంది, రాజమండ్రి కాలేజీలో నా దగ్గర చదువుకున్నవాళ్ళు నా వెనకాల అనుకునేవారు. ఆ కోపంతో నేను చెడగొట్టుకున్న పనులు చాలా ఉన్నాయి. ఒక్క పని మాత్రం చెడబోయి బాగుపడింది. అది చెరకు పని. దాని సంగతే ఇప్పుడు రాస్తున్నాను.

అప్పట్లో నేను కాలేజీలో ప్రకృతి శాస్త్రం చెప్పేవాణ్ణి. చెప్పడమంటే పెద్దగా ఏమీ లేదు. ఇంగ్లండులో పూసే ఏదో పువ్వు బొమ్మ పుస్తకంలో చూపించి, దాన్ని ఎన్నడూ చూడని నేను, ఎన్నడూ చూడబోని పిల్లలచేత దాని రేకులు లెక్కపెట్టించేవాణ్ణి. నాకే విసుగ్గా ఉండేది. అలాంటి రోజుల్లో మా ప్రిన్సిపాలు దొరకి ఒక ఆలోచన వచ్చింది. కాలేజీలో ఉన్నవాళ్ళు పాఠాలతో సరిపెట్టుకోకుండా తలా ఒక విషయం పట్టుకుని శోధించాలి, దానికి సర్కారు గ్రాంటు ఇవ్వాలి అని మద్రాసుకి రాశాడు. వాళ్ళు కాదన్నారు. మళ్ళీ రాశాడు. ఆయన పట్టు పట్టాడంటే ఉడుమే. చివరికి, పరీక్షగా చూద్దామని రెండేళ్ళపాటు గ్రాంటు ఇచ్చారు.

ఆ గ్రాంటు కింద నలుగురం బయలుదేరాం. చరిత్ర చెప్పే ఆయన గుళ్ళలో రాళ్ళమీది శాసనాలకి తడి కాగితం అంటించి, సిరా అద్ది, అచ్చులు తీసేవాడు. చేతులకీ చొక్కాకీ ఎప్పుడు చూసినా మసే. లెక్కల ఆయన ధవళేశ్వరంలో ఆనకట్ట దగ్గర వరదనీళ్ళు గాజు సీసాల్లో పట్టి, అడుగున ఎంత ఒండ్రు దిగిందో కొలిచేవాడు. తెలుగు పండితులుగారు ఒక పాత తాటాకు గ్రంథం కాగితం మీదికి ఎక్కించేవారు. నాకు చెరకు వచ్చింది.

నిజానికి సర్కారుకి కావలసింది చెరకొక్కటే. మూడు నాలుగేళ్ళుగా డెల్టాలో చెరకుతోటలు నిలువునా ఎండిపోతున్నాయి. గడ చీలిస్తే లోపల ఎర్రగా ఉండేది, పులిసిన కల్లు వాసన వేసేది. ఆ రసం ఎంతసేపు కాచినా బెల్లం కట్టేది కాదు. రైతులు కాలువ నీళ్ళ మూలంగా వచ్చిందన్నారు. సర్కారు కచేరీల్లో ఉన్నవాళ్ళు భూమి సారం పోయిందన్నారు. గాలి అన్నవాళ్ళున్నారు, గ్రామదేవతకి కోపం వచ్చిందన్నవాళ్ళూ ఉన్నారు. ప్రిన్సిపాలు దొర మమ్మల్ని నలుగురినీ కూర్చోబెట్టి దాపరికం లేకుండా చెప్పాడు. రెండేళ్ళ చివర మద్రాసు నుంచి ఒక అధికారి వచ్చి చెరకు చూస్తాడు, చెరకులో ఏదైనా తేలిందంటే నాలుగు పనులూ నడుస్తాయి, తేలలేదంటే నాలుగూ ఆగిపోతాయి.

శాసనాల ఆయనకి పని ఆగినా ఫరవాలేదు. రాళ్ళు ఎక్కడికీ పోవు. గోదావరికి వరద మళ్ళీ మళ్ళీ వస్తుంది. పండితులుగారి పని అలాంటిది కాదు.

ఆయనకి అరవై దాటాయి. ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో, ఒకరింట అటక మీద ఆ గ్రంథం దొరికింది. మూడు కట్టలు. పశువుల రోగాలకి మందులు చెప్పే పుస్తకం. పేరున్న మొదటి ఆకు లేదు, రాసినవాడెవరో తెలియదు, అలాంటిది ఇంకొకటి ఉందని ఆయన ఎక్కడా వినలేదు. ఆ ఇంటివాళ్ళు ఇల్లు విప్పి మళ్ళీ కట్టుకోబోతున్నారు. చదివేవాళ్ళు లేని పాత తాటాకులు గోదావరిలో కలపడం మా వైపు ఆచారం. తాతలనాటి పుస్తకం పరాయి ఇంట్లో ఉండకూడదని వాళ్ళ నమ్మకం. సర్కారు పని అన్నారు గనక, ఆ పని నడిచినన్నాళ్ళూ ఉంచుకోండి, తరవాత తెచ్చి ఇచ్చెయ్యండి, మేం గోదారమ్మకి ఇచ్చుకుంటాం అన్నారు. గ్రాంటు వచ్చాక పండితులుగారి కింది తరగతులు ఇంకొకరు చెప్పేవారు. అందుకే ఆయనకి రాసుకునే తీరిక దొరికింది. గ్రాంటు ఆగితే ఆ తీరికా పోతుంది, ఆ కట్టలూ పోతాయి. ఆకులు పొడిపొడిగా రాలిపోతున్నాయి. గీసిన అక్షరాలు తేలడానికి ఆకుపసరు పూసి, కళ్ళు చికిలించి, ఒక్కొక్కటే చదివి రాసుకోవాలి. మొదటి ఏడు గడిచేసరికి ఒక్క కట్ట కూడా పూర్తికాలేదు.

అంటే ఆ పుస్తకం బతకడం నా చెరకు మీద ఆధారపడి ఉంది. ఆయన ఈ మాట నాతో ఒక్కసారి కూడా అనలేదు. అనకపోవడం వల్ల నాకు మరీ భారంగా ఉండేది.

ఇక నా పని. పాడైన తోటల్లోంచి తెచ్చిన విత్తనపు ముక్కలు, అంటే ముచ్చెలు, చాలా కోసి చూశాను. పైకి బాగానే ఉన్న ముచ్చెల్లో కూడా కొన్నిటికి కోసిన చోట ఎర్రటి జీర కనిపించింది. తెగులు నీళ్ళలోనూ లేదు, భూమిలోనూ లేదు, విత్తనంలోనే ఉందని నాకు అనుమానం తగిలింది. అనుమానం ఎవరికైనా తగులుతుంది. దాన్ని నిలబెట్టాలి.

ధవళేశ్వరం నుంచి కాకినాడ కాలువ మీద పడవలో వెళితే రెండు లాకులు దాటాక ఒక ఊరు. అక్కడ ఒక పెద్ద రైతు. పొడుగ్గా, తలపాగాతో, చేతులు కట్టుకోనిదే మాట్లాడని మనిషి. ముందటేడు ఆయన తోట మొత్తం కుళ్ళిపోయింది. నాకు అలాంటి పొలమే కావాలి. దాన్ని మధ్య గట్టుతో రెండు సగాలు చేశాం. తూర్పు సగంలో, కోసిన చోట తెల్లగా ఉన్న ముచ్చెలు ఏరి వెయ్యాలి. పడమటి సగంలో ఏమీ ఏరకుండా, ఎప్పటిలాగే చేతికొచ్చినవి వెయ్యాలి. అప్పుడు ఈ సగం బాగుండి ఆ సగం పాడైతే తప్పు విత్తనానిదే అని తేలుతుంది. ఆయనకి రెండుసార్లు చెప్పాను. ముచ్చె కోసి, ఎర్ర జీర చూపించి, ఇదిగో రోగం ఇక్కడుంది అని కూడా చెప్పాను.

"ఆయ్, అలాగేనండి" అన్నాడు.

మా గోదావరి వాళ్ళు అలాగేనండి అన్నారంటే విన్నారని అర్థం. చేస్తారని కాదు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, మా ఇంట్లో పాలేరు దగ్గర్నుంచి మా మామగారి దాకా రోజూ ఆ మాట వింటూ, ఆ వేళ మాత్రం నమ్మాను. తూర్పు సగం నాటుతుంటే దగ్గరే నిలబడ్డాను. పడమటి సగం నాటే వేళకి పడవ వచ్చింది. మర్నాడు కాలేజీలో పరీక్షలు. ఎప్పటిలాగే వేసుకునేదానికి నేనెందుకులే అనుకుని పడవెక్కేశాను.

ఆ ఏడంతా నెలకోసారి వెళ్ళి చూసేవాణ్ణి. చెరకు ఏపుగా పెరిగింది. గడలు కట్టగట్టి వెదుళ్ళకి చుట్టారు. చుట్టుపక్కల తోటల్లో ఆకులు పసుపు తిరగడం మొదలైంది. మా తోట పచ్చగా ఉంది. తూర్పు సగం పచ్చగా ఉంది. పడమటి సగం కూడా అంతే పచ్చగా ఉంది. మొదట ఇంకా వేళ రాలేదనుకున్నాను. కార్తికం వెళ్ళింది, మార్గశిరం వచ్చింది. అయినా తేడా లేదు.

పండితులుగారు వరండాలో కనిపించినప్పుడల్లా నా చెరకు ఎలా ఉందని అడిగేవారు. బాగుందండీ అనేవాణ్ణి. బాగుంటే మొహం అలా ఉందేం అనేవారు.

"మొత్తం బాగుందండీ. అదే నా బాధ" అన్నాను ఒకనాడు.

ఆయన తల పంకించి లోపలికి వెళ్ళిపోయారు. అర్థమైందో లేదో తెలియదు. ఆ రోజు నుంచి ఆయన మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళడం మానేశారని మాత్రం తరవాత తెలిసింది.

మాఘమాసంలో మద్రాసు అధికారి వచ్చాడు. కాకినాడ వైపు నుంచి పడవలో దిగాడు. మా ప్రిన్సిపాలు దొరా నేనూ ఇటునుంచి వెళ్ళి పొలం గట్టు మీద కలుసుకున్నాం. ఆయన మాటలు తక్కువ మనిషి. కోటు విప్పి గట్టు మీద పెట్టి, కత్తి తీసుకుని, తానే గడలు నరికి చీల్చడం మొదలుపెట్టాడు. తూర్పు సగంలో పది గడలు చీల్చాడు. లోపల తెల్లగా ఉన్నాయి. పడమటి సగంలో పది చీల్చాడు. అవీ తెల్లగానే ఉన్నాయి. ఇంకో పది చీల్చాడు. ఈ సగం ఏరని విత్తనమేనా అని నన్ను అడిగాడు. నేను రైతు వైపు తిరిగి అదే తెలుగులో అడిగాను.

ఆయన సంతోషంగా చెప్పాడు. "ఏరకుండా ఎలా వేస్తామండీ? తమరు పడవెక్కాక ఇంటిల్లిపాదీ కూర్చుని ఏరామండి. ఒక్క ఎర్ర ముచ్చె పడనివ్వలేదండి."

ఆ క్షణం నాకు ఒళ్ళు తెలియలేదు. ఇద్దరు దొరలు పక్కనుండగా, నాకంటే పదేళ్ళు పెద్దవాణ్ణి, ఆయన పొలంలోనే నిలబడి, నోటికొచ్చినట్టు తిట్టాను. రెండేళ్ళ పని మంటగలిపావన్నాను. చెప్పిందేమిటి, చేసిందేమిటి, చెవులున్నాయా అన్నాను. ఆయన తల వంచుకుని మొత్తం విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు నెమ్మదిగా అడిగాడు.

"చెడ్డదని తమరే చూపించారు కదండీ. తెలిశాక, చేత్తో పట్టుకుని భూమిలో ఎలా పెట్టమంటారండీ?"

ఏడాదికోసారి పసుపు కుంకుమ పెట్టి మొక్కే నేలలో, కుళ్ళిందని తెలిసిన విత్తనం ఆ మనిషి పెట్టలేకపోయాడు. ఆ సంగతి నాకు ముందే తట్టి ఉండాలి. నేనేమీ సీమనుంచి ఓడ దిగిన దొరని కాదు.

రైతు ఏమంటున్నాడని అధికారి అడిగాడు. నా నాశనం నేనే ఇంగ్లీషులో చెప్పుకోవలసి వచ్చింది. ఆయన విని, పోల్చి చూడడానికి రెండోది లేకపోతే ఇది పరీక్షే కాదని మర్యాదగానే అని, నోటుపుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. మా ప్రిన్సిపాలు దొర కాలువ వైపు తిరిగి నిలబడ్డాడు. నాకు పండితులుగారి తాటాకు కట్టలు కళ్ళముందు కనిపించాయి. ఏడుపొచ్చినంత పనైంది.

అంతలో రైతు ఇల్లాలు కొబ్బరిబోండాలు మోయించుకుని గట్టు మీదికి వచ్చింది. మా మొహాలు చూసి ఏంటని మొగుణ్ణి అడిగింది. ఏరేసిన చెడ్డ ముచ్చెలు వేస్తే వచ్చే చెరకు పంతులుగారికి కావాలట, మనం వెయ్యలేదు, అందుకని పని పాడైంది అని ఆయన చెప్పాడు. ఆవిడ బోండాలు దింపించి, కొంగు సర్దుకుని నా వైపు చూసింది.

"ఆ ఎర్ర ముచ్చెల చెరకా అండీ? అది మా పెరట్లో ఉందండి. గేదెకి మేతకొస్తుంది కదాని నూతి పక్కన పాతించాను."

నాకు ఒక్క నిమిషం ఏమీ బోధపడలేదు. బోధపడ్డాక, దొరలకి చెప్పడం కూడా మరిచి గట్టు మీద పరుగు తీశాను. వాళ్ళు వెనకాల వచ్చారు. రైతు పొలానికి ఆ చెడ్డ విత్తనం తగదట, గేదె మేతకి తగుతుందట. ఆ న్యాయం ఏమిటో నేను అడగలేదు. దండం పెట్టుకున్నాను.

పెరట్లో నూతి పక్కన రెండు వరసలు. ఆకులు పసుపు తిరిగి అంచులు ఎండి ఉన్నాయి. గడలు వాలిపోయి ఉన్నాయి. అధికారి ఒకటి నరికి చీల్చాడు. లోపల ఎర్రగా ఉంది, ఆ ఎరుపులో అడ్డంగా తెల్ల మచ్చలు. పెరడంతా కల్లు వాసన. రెండోది చీల్చాడు, మూడోది చీల్చాడు. తరవాత అడగడం మొదలుపెట్టాడు. ఆయన అడగడం, నేను తెలుగు చెయ్యడం, ఆవిడ చెప్పడం, నేను మళ్ళీ ఇంగ్లీషు చెయ్యడం. ఈ నేలలో ఇదివరకు చెరకు వేశారా? లేదండి, కందా అరటీ తప్ప ఎరగమండి. కాలువ నీళ్ళు పెట్టారా? లేదండి, నూతి నీళ్ళేనండి. దగ్గర్లో ఇంకో చెరకుతోట ఉందా? చుట్టూ ఇళ్ళే కదండీ. మరి పొలం? ముందటేడు అందులో చెరకంతా కుళ్ళింది. ఈ ఏడూ అదే కాలువ నీళ్ళు పారాయి. దాన్ని ఆనుకుని ఉన్న తోటంతా ఈసారి కూడా పోయింది.

ఇక చెప్పవలసిందేముంది. చెరకు ఎరగని మంచి నేలలో, మంచి నీళ్ళతో, చెడ్డ విత్తనం కుళ్ళిపోయింది. కుళ్ళిన నేలలో, అనుమానపు నీళ్ళతో, పక్కతోట గాలి తగులుతున్నా, మంచి విత్తనం నిలిచింది. నీరు కాదు, నేల కాదు, గాలి కాదు. నేను నెలల తరబడి ఆలోచించి, గీతలు గీసి వేసిన పథకం కంటే, ఆ ఇల్లాలు గేదె కోసం పాతిన రెండు వరసలు వెయ్యి రెట్లు గట్టిగా సాక్ష్యం చెప్పాయి. నా పథకం నేను అనుకున్నట్టే జరిగి ఉంటే నేల మాటా నీళ్ళ మాటా అంత తేటగా తేలేదే కాదు.

అధికారి నూతి గట్టు మీద కూర్చుని నోటుపుస్తకం మళ్ళీ తీశాడు. ఆ పుస్తకం తెరుచుకోవడం చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం నా పెళ్ళినాడు కూడా కలగలేదు. ఈ మాట మా ఆవిడకి చదివి వినిపించను.

ఇక్కడ పాతాలన్న ఆలోచన ఎవరిదని ఆయన అడిగాడు. ఒప్పుకుంటాను, నాదే అని చెప్పాలని నాలుక దాకా వచ్చింది. చెప్పినా కాదనేవాళ్ళు లేరు, ఆ ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాడు లేడు. కాని అంతకు ముందే నోరు పారేసుకుని ఉన్నాను, ఇంకొక తప్పు మొయ్యలేననిపించింది. రైతు ఇల్లాలిదని చెప్పాను. ఆయన అలాగే రాసుకుని, ఆవిడ వైపు టోపీ తీశాడు. ఆవిడ కంగారుపడి గేదె వెనక్కి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు పడవ రేవులో రైతు చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆయన నవ్వేశాడు. "తమరేదో అంటారండీ, మేం పట్టించుకుంటామా?" అన్నాడు. అసలు ఏ మాట విన్నాడు గనక.

ఫాల్గుణంలో మళ్ళీ అటు వెళ్ళాను. ఎవరూ దండోరా వెయ్యలేదు, కాగితం పంచలేదు. పడవలోంచి చూస్తే కాలువకి రెండు వైపులా, గట్టు గట్టునా ఆడవాళ్ళు కూర్చుని ముచ్చెలు కోసి చూసి రెండు కుప్పలు పోస్తున్నారు. తెల్లవి పెద్ద కుప్ప, ఎర్రవి చిన్న కుప్ప. ఎందుకు ఏరుతున్నారని ఒక రేవులో తెలియనట్టు అడిగాను. తమకి తెలియదా అండీ, రోగం విత్తనంలో ఉంది కదా అని ఒకావిడ నాకు బోధించింది. ముచ్చె చీల్చి చూపించి మరీ బోధించింది. నేను శ్రద్ధగా విని, అవునా అండీ అన్నాను. అంత గొప్ప పాఠం విన్నది నా జన్మలో అదే.

కాని మద్రాసు నుంచి మాట రాలేదు. గ్రాంటు సంగతి పైవాళ్ళు తేల్చాలని వెళుతూ అధికారి అన్నాడు. ఆ నెలంతా పండితులుగారు మనిషిలా లేరు. తాటాకుల ఇంటివాళ్ళు వచ్చి, ఉగాదికి ఇల్లు విప్పుతున్నాం, సర్కారు పని అయిపోతే కట్టలు తీసుకెళతాం అని చెప్పి వెళ్ళారట. ఆయన పొద్దున కూర్చుంటే పొద్దు గుంకేదాకా రాసేవారు. పలకరిస్తే చెయ్యి ఊపేవారు. ముత్యాల్లాంటి ఆయన దస్తూరీ వంకరటింకరగా పాకడం మొదలైంది. అర్థం కాని చోట ఆగి ఆలోచించే మనిషి, చుక్కలు పెట్టి ముందుకి పోతున్నారు.

ఉగాది ఇంకా పది రోజులుందనగా, పాఠం మధ్యలో ప్రిన్సిపాలు దొర నన్ను పిలిపించి ఉత్తరం చేతికిచ్చాడు. గ్రాంటు ఇంకా మూడేళ్ళు పొడిగించారు. చెరకుకి మాత్రమే కాదు, శాసనాలకీ, ఒండ్రుకీ, తాటాకులకీ, నాలుగిటికీ. పిల్లల్ని అలాగే వదిలేసి, పంచె కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వరండా పొడుగునా పరిగెత్తాను. నవ్వేవాళ్ళు నవ్వారు. నాకు సిగ్గనిపించలేదు.

పండితులుగారు గదిలో వంగి రాస్తున్నారు. తలుపు దగ్గర నిలబడి, మూడేళ్ళండీ అన్నాను. ఆయనకి వినిపించలేదు. దగ్గరికి వెళ్ళి ఉత్తరం బల్ల మీద పెట్టి, ఇంగ్లీషు ఆయనకి రాదు గనక ఒక్కొక్క మాటా తెలుగు చేసి చెప్పాను. కట్టలు ఇంకా మూడేళ్ళు ఇక్కడే ఉండొచ్చని చెప్పాను.

ఆయన కలం కింద పెట్టారు. కళ్ళద్దాలు తీసి పై కండువాతో తుడుచుకున్నారు. కళ్ళు కూడా తుడుచుకున్నారు. తరవాత ఆ నెలంతా రాసిన కాగితాలు, మంచి మందమున్న దొంతర, రెండు చేతులా ఎత్తి, నేను అడ్డుపడేలోపల నిలువునా చింపేశారు.

"ఇవి భయంతో రాసినవి, నాయనా. మళ్ళీ రాస్తాను."

కొత్త కాగితం తీసుకుని, ఆ నెల మొదట్లో రాసిన ఆకు మళ్ళీ తీసి, పసరు పూసి, మొదటి వరస దగ్గర వేలు పెట్టుకున్నారు. ఆ రోజు సాయంత్రం దాకా ఆయన ఒక్క ఆకే రాశారు.